నాలుగేళ్ళ ఓపిక

ఏజాక్స్
18 ఫిబ్రవరి 2024

వదినా,

వందనాలు. క్రిస్మస్ కార్డులో మీరే అన్నారు కదా, "ఫోన్లో అయితే మా తమ్ముడు స్పీకర్ పెట్టి మధ్యలో దూరతాడు, ఏదన్నా ఉంటే కాగితం మీద రాయి" అని. అందుకే కాగితం తీసుకున్నాను. పాలకొల్లులో ఇంటర్ పరీక్షల తర్వాత చేత్తో తెలుగు రాయడం ఇదే అనుకుంటాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

నాకు నర్సింగ్‌లో సీటు వచ్చింది వదినా. ఒకటి కాదు, రెండు. కాలేజీలో ప్రాక్టికల్ నర్సింగ్ డిప్లొమా, రెండేళ్ళు. యూనివర్సిటీలో బ్యాచిలర్ డిగ్రీ, నాలుగేళ్ళు. డిప్లొమా చేస్తే మీలాగా ప్రాక్టికల్ నర్స్‌ని అవుతాను, డిగ్రీ చేస్తే రిజిస్టర్డ్ నర్స్‌ని. రెండూ సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి. మే నెలాఖరులోపు ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

మీ తమ్ముడిని అడిగితే, "నాకేం తెలుసు, అక్కనడుగు. ఆ లైన్లో ఉన్నది అక్కే" అన్నారు. ఆయనకి ఏదైనా అక్కనే అడగాలి. పెళ్ళైన కొత్తలో ఫ్రిజ్ కొనడానికి కూడా వాంకూవర్‌కి ఫోన్ చేశారు. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఈసారి మాత్రం నేనే అడుగుతున్నాను.

నేను అప్లికేషన్ల పనిలో ఉన్నప్పుడు వంటంతా మీ తమ్ముడే చేశారు. వేర్‌హౌస్ నుంచి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా ఉల్లిపాయలు కోస్తున్నారు. కూరల్లో ఉప్పు మాత్రం దేవుడిదే భారం.

ఇక్కడ మంచు ఇంకా వదల్లేదు. పోయిన వారం చర్చి కూడా ఆన్‌లైన్లోనే జరిగింది. అన్నయ్య గారికి నా వందనాలు చెప్పండి.

మీ మాట కోసం చూస్తూ,
అబిగేల్


వాంకూవర్
2 మార్చి 2024

అబీ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు వంకరేమీ లేవు, నావాటికంటే బాగున్నాయి. అది కూడా నీకే బాగుండాలా?

సీట్లు వచ్చినందుకు సంతోషం. ఒక్కదానికే జనం కిందా మీదా పడుతుంటే నీకు రెండు వచ్చాయి.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, డిప్లొమా చెయ్యి. రెండేళ్ళు కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి, చేతిలో పని ఉంటుంది. పేషెంట్ మంచం పక్కన నిలబడేది మేమే. మందులివ్వడం, పుండ్లకి కట్లు కట్టడం, కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం అన్నీ మేమే చేస్తాం. కేసు కష్టమైతే డిగ్రీ వాళ్ళ చేతికి వెళ్తుంది, అది కాదనను. కానీ ఆ నాలుగేళ్ళూ ఎస్సేలు, ప్రెజెంటేషన్లతో నీ నడుం విరుగుతుంది.

మా వృద్ధుల హోమ్‌లో ప్రియ అని ఛార్జ్ నర్స్ ఉంది. మన తెలుగమ్మాయే, డిగ్రీ చేసి వచ్చింది. నేనిక్కడ చేరేనాటికి అది స్కూల్లో ఉండి ఉంటుంది. ఇప్పుడు రోజూ నేను ఏ వింగ్‌కి వెళ్ళాలో అదే చెబుతుంది. "ఏనీ ఆంటీ, మీరు ఈ రోజు ఆ వైపు చూసుకోండి" అంటుంది. మర్యాదగానే అంటుంది. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండుతుంది.

షాలేమ్ వంట చేస్తున్నాడా! మా దగ్గర ఉన్నన్నాళ్ళూ తాగిన గ్లాసు కూడా తీసి పెట్టలేదు వాడు. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేను. ఏం మందు పెట్టావే పిల్లా? కొంచెం మీ అన్నయ్యకి కూడా పోస్టులో పంపించు.

వాన, వాన, వాన. గొడుగు లేకుండా ఈ ఊళ్ళో ఎవరికీ బతుకు లేదు.

నీ వదిన
ఏనీ


ఏజాక్స్
14 మార్చి 2024

వదినా,

మీ ఉత్తరం మీ తమ్ముడికి పైకి చదివి వినిపించాను. మందు సంగతి దగ్గర ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నేను డిగ్రీలోనే చేరాలని నిర్ణయించుకున్నాను. మీరు డిప్లొమా అన్నారు, తెలుసు. కానీ ప్రియ గురించి రాసిన చోట మీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. మీరు రోజూ పడుతున్నది నేను పడకూడదనే కదా అంత వివరంగా రాశారు? పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి అర్థమయ్యేలా రాశారు. ఇంత నిజాయితీగా నాకు ఇంకెవరు చెబుతారు? ఆమె కూర్చున్న సీట్లో నేను కూర్చోవాలి వదినా.

మీ తమ్ముడు కూడా సరేనన్నారు. "నాలుగేళ్ళే కదా, నేనున్నాను" అన్నారు. ఈస్టర్‌కి మీరొక్కరైనా తప్పకుండా రండి. అంతా కూర్చుని మాట్లాడుకుందాం.

మీకు రుణపడి,
అబిగేల్


వాంకూవర్
7 ఏప్రిల్ 2024

అబీ,

క్షేమంగా చేరాను. ఈస్టర్ రోజు నీ చేపల పులుసు అద్భుతం. మీ చర్చిలో పాటలు మాత్రం మరీ నెమ్మదిగా పాడారు, నాకు నిద్రొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున చూసింది ఇంకా కళ్ళ ముందే ఉంది. షాలేమ్ నీ చీర ఇస్త్రీ చేస్తున్నాడు, నువ్వేమో మంచం మీద కూర్చుని యూనివర్సిటీ వాళ్ళ వీడియో చూస్తున్నావు. "ఆ అంచు దగ్గర ఇంకొకసారి" అన్నావు. వాడు "సరే మేడం" అన్నాడు. నా తమ్ముడు! చూసి సంతోషించాలి కదా. సంతోషించాననే అనుకో.

మీ వదిన

ఏనీ


ఏజాక్స్
20 ఏప్రిల్ 2024

వదిన గారికి,

మీ మాటే నెగ్గింది. యూనివర్సిటీ సీటు వదిలేశాను, కాలేజీలో డిప్లొమాకి చేరుతున్నాను.

మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చినప్పటి నుంచి మీ తమ్ముడు ఉలకరు, పలకరు. వారం చూసి నిలదీశాను. "కార్లో అక్క ఏడ్చింది" అన్నారు. ఎందుకని అడిగితే చాలాసేపు నసిగి, "నాలుగేళ్ళు ఎలా ఓపిక పడతావురా అంది" అన్నారు.

"అంటే నన్ను చేరొద్దంటున్నారా?" అన్నాను.

"నేనెక్కడన్నాను?"

"మీరనకపోతే మీ అక్క అన్నారుగా. ఈ ఇంట్లో రెండూ ఒకటేగా!"

ఆయన ముందే ల్యాప్‌టాప్ తీసి, డిగ్రీ ఆఫర్ వద్దని నొక్కేశాను. ఆయన చెయ్యి పట్టుకోబోయారు, అప్పటికే అయిపోయింది.

నేను చేరొద్దనుకుంటే నాతోనే అనొచ్చు కదా. మా ఇంట్లో తిని, నా ఎదుట నవ్వి, దార్లో ఆయన దగ్గర ఏడవడం ఎందుకు? నేను మీకేం చేశాను? మీ తమ్ముడు నా చీర ఇస్త్రీ చేస్తే మీకేం పోయింది?

అబిగేల్


వాంకూవర్
5 మే 2024

అబీ,

నీ ఉత్తరం చదివి వెంటనే షాలేమ్‌కి ఫోన్ చేశాను. వాడు ఎత్తలేదు. నీకు చేశాను, నువ్వూ ఎత్తలేదు. ఇక మిగిలింది కాగితమే.

కార్లో నేనన్నది వాడు సగమే చెప్పాడు. నేనన్నది ఇది: "నాలుగేళ్ళు ఎలా ఓపిక పడతావురా? మీ బావ నాకోసం నాలుగు రోజులు కూడా ఓపిక పట్టలేదు." నేను ఏడ్చింది ఆ రెండో మాటకి. డిప్లొమా అయ్యాక పై చదువుకి అప్లై చేస్తానని ఒకప్పుడు మీ అన్నయ్యతో అన్నాను. "చదువుకో, ఇల్లు నేను చూసుకుంటా" అన్నారు. నాలుగో రోజు సింకు నిండా గిన్నెలు చూసి, "ఇలాగైతే నావల్ల కాదు ఏనీ" అన్నారు. నేను పుస్తకాలు సర్దేశాను. అదీ సంగతి. బావ పరువు తీయడం ఇష్టంలేక షాలేమ్ ఆ ముక్క మింగేసి ఉంటాడు. వాడి మంచితనం నా మీదకి వచ్చింది.

కానీ మొదటి సగం కూడా నేను ఊరికే అనలేదు. కుళ్ళుతోనే అన్నాను. వాడు "ఆలోచించాలి" అంటాడేమోనని వాడి మొహం వంక చూశాను కూడా. వాడు "ఏముందక్కా, అయిపోతాయిలే" అన్నాడు. అది వినేసరికి ఇంకా ఏడుపొచ్చింది.

ప్రియ సంగతి నేను నీకు సలహాగా రాయలేదు. నా ఏడుపు నేను ఏడ్చుకున్నాను. నువ్వు దాన్ని ఆశీర్వాదంలా తీసుకుని, ఆ సీట్లో కూర్చుంటానన్నావు. ఆ రోజు డ్యూటీకి వెళ్తే ప్రియ కుర్చీలో నువ్వే కనబడ్డావు.

యూనివర్సిటీకి ఫోన్ చేసి అడుగు. పొరపాటున నొక్కానని చెప్పు. గడువు ఇంకా ఉందిగా.

ఏనీ


ఏజాక్స్
14 అక్టోబర్ 2024

వదిన గారికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఈ రోజు థాంక్స్‌గివింగ్ సెలవు. మీ తమ్ముడు, "అక్కకి నాలుగు ముక్కలు రాయి" అని కాగితం తెచ్చి ముందు పెట్టారు.

యూనివర్సిటీకి మే నెలలోనే ఫోన్ చేశాను. వదులుకున్న సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోయిందట. అక్కడి ఆవిడ చాలా మెత్తగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాత్రూంలో ఉన్నాను.

కాలేజీ బాగానే ఉంది. ల్యాబ్‌లో బొమ్మ పేషెంట్లకి మంచం మీద దుప్పటి మార్చడం, పక్కకి తిప్పడం నేర్చుకున్నాం. నాకు తొందరగానే వచ్చేసింది. టీచర్ నన్ను ముందుకి పిలిచి మళ్ళీ చేయించింది. ఇంటికొచ్చి మీ తమ్ముడి మీద ప్రాక్టీస్ చేస్తే మంచం మీంచి కింద పడ్డారు.

నేనెక్కే బస్సులోనే అమ్ములు అని ఒక అమ్మాయి ఎక్కుతుంది. మా చర్చికి వచ్చే రామ్మోహన్ అంకుల్ గారి అమ్మాయి. నేను వదిలేసిన డిగ్రీలోనే చేరింది. యూనివర్సిటీ పేరున్న జాకెట్ వేసుకుని నా పక్కనే కూర్చుని, "అక్కా, మాకు ఎన్ని ఎస్సేలో తెలుసా, చచ్చిపోతున్నాం" అంటుంది. నేను అయ్యో అంటాను. మొన్న ఒక పరీక్ష పోయిందని చెప్పింది. వదినా, నా లోపల ఏదో చల్లబడింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. ఇదెలా ఉంటుందో మాత్రం తెలిసింది.

అబిగేల్


వాంకూవర్
30 మార్చి 2025

అబీ,

ఇది నువ్వు ఇంకొకరి నోటి నుంచి వినే ముందు నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు రాసి చింపేశాను.

పోయిన ఈస్టర్ నుంచి వచ్చాక, మా ఇంట్లో షాలేమ్ ఇస్త్రీ సంగతి రోజూ ఎత్తుతూనే ఉన్నాను. మీ అన్నయ్య మొదట్లో నవ్వారు. తర్వాత ముఖం మాడ్చుకున్నారు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కారు పక్కకి ఆపేశారు.

"ఇంకొక్కసారి ఆ షాలేమ్ పేరు ఎత్తావంటే నేను దిగి నడిచిపోతా. వాడికంటే నేనేం తక్కువ?"

"వాడు వంట చేస్తాడు. మీరు నాలుగు రోజులకే చేతులెత్తేశారు."

"అయితే మళ్ళీ అప్లై చెయ్యి. ఈసారి ఎవరు ముందు చేతులెత్తుతారో చూద్దాం!"

మీ అన్నయ్య సువార్తరాజు గారికి రోషం వచ్చింది. అదే రోజు చేపల పులుసు పెట్టారు. గిన్నెలో చేప ముక్క వెతికినా దొరకలేదు, మొత్తం కరిగిపోయింది. అయినా మూడు నెలలుగా పొయ్యి వదల్లేదు మనిషి.

నేను అప్లై చేశాను. ప్రాక్టికల్ నర్సులు డిగ్రీకి వెళ్ళడానికి బ్రిడ్జింగ్ కోర్సు ఉంటుంది కదా, దానికి. నిన్న సీటు వచ్చింది. సెప్టెంబర్‌లో చేరుతున్నాను.

తిట్టు. చదువుతాను.

ఏనీ


ఏజాక్స్
9 ఏప్రిల్ 2025

వదిన గారికి,

నన్ను ఆపి మీరు చేరారు.

మీ తమ్ముడు పది రకాలుగా సర్ది చెబుతున్నారు. అక్క నిన్ను ఆపలేదు, సీటు వద్దన్నది నువ్వే అంటున్నారు. అవును, నొక్కిన వేలు నాదే. అది నాకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. కానీ ఆ రోజు నా వెనక ఎవరి ఏడుపు ఉందో కూడా నాకు తెలుసు. మొదటి ఉత్తరం నుంచీ మీరు ఆ సీటు మీకోసమే చూసుకున్నారు. డిప్లొమా చాలన్నవాళ్ళు మీకు మీరే ఎందుకు చాలనుకోలేదు?

అన్నయ్య గారు వంట చేస్తున్నందుకు సంతోషం. మా ఇంట్లో ఇస్త్రీ చూసి మీ ఇంట్లో వంట మొదలైంది. మా ఇంట్లో ఏం మిగిలింది?

నాకు రాయకండి.

అబిగేల్


వాంకూవర్
2 నవంబర్ 2025

అబీ,

రాయొద్దన్నావు, ఏడు నెలలు రాయలేదు. నీ సంగతులన్నీ షాలేమ్ చెబుతూనే ఉన్నాడు. క్లినికల్ ట్రైనింగ్‌లో నిన్ను హాస్పిటల్ సర్జరీ వార్డులో వేశారట కదా. నేను చదువుకునే రోజుల్లో నన్ను అలాంటి చోట వెయ్యలేదు. విన్న రోజు అన్నం సయించలేదు. ఇలాంటివి నీకు తప్ప ఎవరికి చెప్పగలను?

అడగడానికి నోరు రావట్లేదు, అయినా అడుగుతున్నాను. నేను ఫెయిలయ్యేలా ఉన్నాను. ల్యాబ్ పనులు నాకు నల్లేరు మీద నడకే. ఎస్సేల దగ్గరే చతికిలబడుతున్నాను. మొదటిదాన్ని ప్రొఫెసర్ ఎర్ర ఇంకుతో నింపేసింది. నా వాక్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియట్లేదట. మా పిల్లల్ని దిద్దమంటే నవ్వుతున్నారు. ప్రియని అడగొచ్చు, "తప్పకుండా ఆంటీ" అంటుంది. దానికంటే ఫెయిలవడం నయం.

నీ ఇంగ్లీషు మొదటి నుంచీ బాగుంటుంది. దాని మీద కూడా నాకు కుళ్ళే, దాచడం దేనికి?

రెండో ఎస్సే దీనితో పెట్టి పంపుతున్నాను. పనిలో మనల్ని కదిలించిన ఒక సంగతి రాయమన్నారు. మా హోమ్‌లో ఒక పెద్దావిడ ఉండేది. రోజూ అన్నం తినిపించింది, ఒళ్ళు తుడిచింది నేను. చివరి రోజుల్లో ఆవిడ ప్రియ కోసం అడిగింది. ప్రియ వచ్చి చెయ్యి పట్టుకుంటేనే నిద్రపోయేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. అది రాశాను.

దిద్దడం ఇష్టం లేకపోతే చెత్తబుట్టలో వెయ్యి. నేనేమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి అనను.

ఏనీ


ఏజాక్స్
16 నవంబర్ 2025

వదినా,

మీ కవరు వారం రోజులు షూ ర్యాక్ మీద ఉంచాను, విప్పలేదు. మీ తమ్ముడు పొద్దున డ్యూటీకి వెళ్తూ దాన్ని చూస్తారు, నన్ను చూస్తారు, ఏమీ అనకుండా బూట్లు వేసుకుంటారు. ఆయన నోరు విప్పి అడిగుంటే చించేసేదాన్నేమో.

నిన్న విప్పాను. దిద్దడానికి ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, మీ తప్పులు చూడాలనే కూర్చున్నాను. తప్పులు బోలెడున్నాయి. ఫుల్‌స్టాపులు లేవు. ఒకే వాక్యం పేజీ సగం దాకా పోయింది. మొదటి పేజీ హాయిగా దిద్దుకుంటూ వెళ్ళాను.

రెండో పేజీలో మీరు గుమ్మంలో నిలబడి ప్రియని చూస్తున్న చోటికి వచ్చాను. "ఆమె ఏదో ఒక తప్పు చేస్తుందేమోనని రోజంతా చూశాను, ఆమె చెయ్యలేదు" అని రాశారు. అక్కడ పెన్ను ఆగిపోయింది. కడుపు మండిపోయింది వదినా. ఎందుకో తెలుసా, అది చాలా బాగుంది. నేను రాసిన ఏ ఎస్సేలోనూ అలాంటి వాక్యం లేదు. నాకు ఎప్పుడూ మంచి మార్కులే వస్తాయి, కానీ ఎవరి పెన్నూ ఆగి ఉండదు.

బస్సులో అమ్ములు పరీక్ష పోయిందన్న రోజు గుర్తొచ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను. మీరు గుమ్మంలోనే నిలబడి చూశారు, పైగా దాన్ని మీ ప్రొఫెసర్‌కి రాసి ఇస్తున్నారు. నాకు ఆ ధైర్యం లేదు.

కోపం పూర్తిగా పోలేదు. పోయిందంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. కానీ నిన్న సాయంత్రం మీ తమ్ముడితో, "ఆ రోజు మీరు ఆ రెండో సగం ఎందుకు చెప్పలేదు?" అని మొదటిసారి గొడవ పడకుండా అడిగాను. "బావ చిన్నబోతాడని" అన్నారు. "నేను చిన్నబోయానుగా" అన్నాను. ఆయన "నొక్కబోయేటప్పుడు నీ చెయ్యి గట్టిగా పట్టుకోవాల్సింది" అన్నారు. అది చాలు నాకు.

ఏప్రిల్‌లో నా డిప్లొమా అయిపోతుంది. ఇక్కడా బ్రిడ్జింగ్ ఉంది. పోయిన నెలలోనే అప్లై చేశాను, మీకు చెప్పకూడదనుకున్నాను. ముందు సర్జరీ వార్డులో ఉద్యోగం చూసుకుని, దాంతోపాటే చదవాలని ఉంది. అక్కడి పని నాకు నచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళని మొదటిసారి మంచం దింపి నడిపిస్తుంటే, వాళ్ళు నా భుజం మీద వేసే బరువు నాకు ఇష్టం. డిగ్రీలో చేరి ఉంటే దీన్ని ఇంత తొందరగా ముట్టుకునేదాన్ని కాదు. ఇది మీరు తప్పు చేయలేదని చెప్పడం కాదు, ఉన్న మాట.

ఎస్సే దిద్ది దీనితో పంపుతున్నాను. ఫుల్‌స్టాపులు పెట్టాను, పొడుగు వాక్యాలు విరగ్గొట్టాను. ఆ ఒక్క వాక్యం మాత్రం ముట్టుకోలేదు. తర్వాతివి ఫోటో తీసి మెయిల్ చేయండి, పోస్టులో ఆలస్యమవుతుంది. రాత్రుళ్ళు కూర్చుని రాయకండి, పొద్దున డ్యూటీలో తూగుతారు.

మీరు నాకంటే ముందే డిగ్రీ చేతబట్టుకుంటారు. అది నాకు కొంచెం కూడా ఇష్టం లేదు.

ఫెయిలవకండి.

మీ మరదలు
అబిగేల్